కుందా సాక్ష్యము: చేవెళ్ల, మొయినాబాదు దారి వేట రైఫిళ్లు

పాత వేట రైఫిలు నొకదానిని గూర్చి పరిశోధించువానికి సాధారణముగా రెండు విధములైన ఆధారములు దొరకును. మొదటిది లైసెన్సు కాగితము. రెండవది ఛాయాచిత్రము. లైసెన్సులో తయారు చేసినవారి పేరు, గొట్టపు కొలత, సంఖ్య వ్రాయబడి యుండును. ఇవి యన్నియు ఇనుముమీద చెక్కియున్న విషయములు. ఛాయాచిత్రమునందు సంఖ్య కనబడదు. అచ్చట కనబడునది వేటగాని భుజమునకో, మోకాలికో ఆనియున్న కఱ్ఱయొక్క ఆకృతి మాత్రమే. ఈ రెంటిని జతపఱచి "ఫలానా నవాబు చేతిలోని తుపాకి ఇదియే" యని నిర్ణయించుట వంశచరిత్రలు వ్రాయువారికి, వస్తుప్రదర్శనశాలల పట్టికలు కూర్చువారికి వాడుక యైనది. కాని ఒకరు వాడి విడిచిన రైఫిలునకు మఱియొకరు కఱ్ఱ మార్చుకొనుట ఈ ప్రాంతమున గాని, లోకమున మఱెక్కడ గాని అరుదు కాదు. కఱ్ఱ మారిన దినమున పై రెండు ఆధారములకు నడుమనున్న ముడి తెగిపోవును. ఆ ముడి తెగినదో లేదో తెలిసికొనుటకు రైఫిలునే చదువవలెను. దానిని చదువు విధానమే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా పదములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. తుపాకి యను మాట తురుష్క భాషనుండి పారశీకము మీదుగా దక్షిణాపథమునకు వచ్చినది. తమిళ కన్నడములందును ఇదే మాట స్వల్పభేదముతో వాడుకలో నున్నది. తుపాకి కఱ్ఱకు హైదరాబాదు ప్రాంతమున వాడు 'కుందా' యను పదము కూడ పారశీకమే; మొద్దు, దుంగ యని దాని మూలార్థము. ఎంత నునుపుగా చెక్కి, ఎంత మెఱుగు పెట్టినను, ఆ వస్తువు పుట్టుకను పేరు మఱువలేదన్నమాట. భుజమున కానించు భాగమును మాత్రము తెలుగువారు 'మడమ' యనిరి. ఆంగ్లేయులును ఆ భాగపు పైకొనను తమ భాషలో మడమ యనియే పిలుచుట గమనింపదగినది. చేతితో పట్టుకొను సన్నని భాగమును ఈ వ్యాసమున 'మెడ' యని వ్యవహరింతును. ఇక నోటినుండి మందు నింపి కాల్చు నాటు తుపాకికి తెలంగాణమున 'భర్మారు' అని పేరు. నింపుట, కొట్టుట యను రెండు క్రియల కలయిక ఆ మాటలో వినబడుచున్నది. 1946 మొదలు 1951 వఱకు నడచిన సాయుధపోరాటపు జ్ఞాపకములలో ఈ మాట తఱచుగా కనబడును.

భర్మారునకు కఱ్ఱ అమర్చుట పల్లె వడ్రంగికి తెలిసిన పని. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, అగసాలె యను పంచాణమువారిలో ముగ్గురి చేతులైనను పడనిది ఒక తుపాకి పూర్తి కాదు. ఇనుము కమ్మరిది, కఱ్ఱ వడ్రంగిది, ఇత్తడి రేకు కంచరిది. నగరమున ఫ్రెంచి సేనాని రేమాండు 1786 ప్రాంతమున నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారము 'తోప్ కా సాంచా' పేరుతో, గన్ ఫౌండ్రీ పేరుతో నేటికిని నిలిచియున్నది. కావున విదేశపు రైఫిలు వచ్చునాటికి ఇనుమును కఱ్ఱలో పొదుగు విద్య ఇచ్చట క్రొత్తది కాదు. క్రొత్తది ఆ రైఫిలు యొక్క యంత్రము.

ఆ యంత్రమును తలుపు గడియతో పోల్చిన సులభముగా బోధపడును. పిడిని పైకెత్తి వెనుకకు లాగిన కాలిన తూటా గుల్ల బయటపడును; ముందునకు నెట్టి క్రిందికి త్రిప్పిన క్రొత్త తూటా గొట్టమునందు బిగిసికొనును. గడియ పడిన తలుపు ఎట్లు కదలదో, ప్రేలుడు వేళ ఈ బోల్టు నట్లే వెనుకకు రానీయకుండ ఇనుప చెవులు పట్టియుంచును. జర్మనీలో మౌజరు 1898 నాటికి ఈ పద్ధతిని పరిణతికి తెచ్చెను. ఆంగ్లేయుల లీ-ఎన్‌ఫీల్డు 1895లో వెలువడెను. సేనలకై పుట్టిన ఈ రెండు యంత్రములే కొలది మార్పులతో వేటగాండ్ర చేతికి వచ్చినవి.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమును ఈ చర్చకు ఎన్నుకొనుటకు కారణము నేల స్వభావము. హైదరాబాదునకు పడమట వికారాబాదు వైపు సాగు దారిపై మొదట మొయినాబాదు, సుమారు 40 కిలోమీటర్ల వద్ద చేవెళ్ల వచ్చును. 1908 నాటి మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగరు (1920), హిమాయత్‌సాగరు (1927) ఈ దారికి ఇరువైపుల నున్నవి. ఎఱ్ఱనేల, నల్లరేగడి, జొన్నచేలు, నడుమ రాతిగుట్టలు, సీతాఫలపు పొదలు: మొత్తముమీద చూపు దూరము సాగు మైదానము. ఇట్టి చోట మసలునది కృష్ణజింక. నగరమునకు మఱియొక దిక్కున నిజాముల వేటభూమియై యుండి, పిమ్మట మహావీర హరిణ వనస్థలి యైన ప్రదేశము కూడ కృష్ణజింకకు ప్రసిద్ధమైనదే. పులివేట అట్లు కాదు. దట్టమైన అడవిలో, ఇరువది ముప్పది గజముల దూరమున, రెండు గొట్టముల బరువైన రైఫిలుతో అది జరిగెడిది. 1902లో వైస్రాయి కర్జను వరంగల్లు సమీపమున నెక్కొండ వద్ద పులితో తీయించుకొన్న చిత్రము ఆ సంప్రదాయమునకు చెందినది. మైదానపు జింక నూటయేబది, రెండువందల గజములకు దగ్గఱగా మనిషిని రానీయదు. ఎద్దుబండిని చూచి మాత్రము అంతగా బెదరదు. అందుచే బండి చాటున నడచి సమీపించుట దేశమంతట వేటగాండ్రకు తెలిసిన ఉపాయము. ఈ దూరమునకు కావలసినది తేలికగా నుండి, గుండు సూటిగా పోవు ఒంటిగొట్టపు బోల్టు రైఫిలు. అందుచే ఈ దారి ఆ రైఫిలునకు సహజమైన క్షేత్రము.

ఇట్టి రైఫిళ్లు చేతులు మారుటకు చారిత్రక కారణములు కలవు. నగరము చుట్టు వ్యాపించిన అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాము సొంత ఆస్తి యగు సర్ఫెఖాసునకు చెందినది. 1948 సెప్టెంబరు తరువాత ఆ వ్యవస్థ మారినది. 1949లో సర్ఫెఖాసు ప్రభుత్వమున కలిసినది. అదే సంవత్సరము జాగీర్లు రద్దయినవి. రాబడి తగ్గిన ఇండ్లనుండి వేటసామగ్రి అమ్మకమునకు వచ్చియుండునని ఊహించుట అసంగతము కాదు. విదేశములందును ఆ కాలమున ఇట్టిదే జరిగినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట మిగులు సైనిక మౌజరులు అమెరికాలో చౌకగా అమ్ముడుపోగా, కొన్నవారు ఆ బరువైన సైనికపు కఱ్ఱను కోసియో, తీసివైచి వేఱొకటి అమర్చియో వేట రైఫిళ్లుగా మార్చుకొనిరి. మన దేశమున దానికొక అడ్డంకి యుండెను. 20వ శతాబ్ది తొలి దశకమునుండి సేనలు వాడు .303 తూటా ప్రజల చేతిలో నుండరాదని ఆంగ్లప్రభుత్వము కట్టడి చేసెను. ఆ కారణముచే లీ యంత్రముపై .315 కొలత గొట్టము నమర్చిన వేట రైఫిలు భారతదేశమునకై ప్రత్యేకముగా తయారైనది. స్వాతంత్ర్యానంతరము బెంగాలులోని ఇషాపూరు కర్మాగారము అదే కొలతతో తయారుచేసిన రైఫిలు దేశమంతట వ్యాపించినది. మనకు ఎదురుపడు వాడిన రైఫిళ్లు కావున ముఖ్యముగా రెండు జాతులవి: మౌజరు జాతి, లీ జాతి. కఱ్ఱ మార్చుటలో ఈ రెంటికి ఎంతో భేదము కలదు. సాక్ష్యము దొరకునది ఆ భేదమునందే కనుక కొంత వివరముగా చెప్పెదను.

లీ రైఫిలు కుందా రెండు తునుకలు. మడమ భాగము వేఱు, గొట్టము క్రింద నుండు ముంజేతి కఱ్ఱ వేఱు. మడమ భాగపు లోపల నిలువున ఒక రంధ్రముండి, దానిగుండా పోవు పొడవైన మర యంత్రపు వెనుకనున్న ఇనుప గూటిలో బిగియును. మడమ రేకును విప్పి, పొడవైన పేచ్‌కస్సుతో ఆ మరను త్రిప్పినచో కుందా ఊడివచ్చును. ఇంత సులభము కనుకనే సైన్యము మడమలను వేర్వేఱు పొడవులలో చేయించి, సిపాయి చేతి పొడవునుబట్టి అమర్చెడిది. సాధారణపు కొలతకంటె అరంగుళము ఎక్కువది, అరంగుళము తక్కువది, ఒక అంగుళము తక్కువది వాడుకలో నుండెను. ఐరోపావారి చేతికి సరిపోయిన మడమ మనవారిలో పెక్కురకు పొడవగును. వాడిన రైఫిలును కొన్నవాడు మొట్టమొదట మార్చునది ఇదే.

కాని ఇందొక మెలిక యున్నది. పొట్టి లీ-ఎన్‌ఫీల్డు రైఫిలులో ఆ పొడవైన మరయొక్క కొన చతురస్రముగా నుండి, ముంజేతి కఱ్ఱ వెనుక అంచున బిగించిన చిన్న రేకులో చిక్కుకొని యుండును. మర దానంతట అది వదులు కాకుండ చేసిన ఏర్పాటిది. ముంజేతి కఱ్ఱను ముందుగా విప్పక మడమ మరను త్రిప్పినచో, ఆ చతురస్రపు కొన తిరుగబోయి కఱ్ఱను చీల్చును. తెలిసినవాడు ముందు ముంజేతి కఱ్ఱను తీసి, పిమ్మట మడమను ముట్టును. తెలియనివాడు తొందరపడి మడమతో మొదలుపెట్టును. కావున ముంజేతి కఱ్ఱ వెనుక అంచున చీలిక గాని, ఆ చీలికను జిగురుతో అతికిన జాడ గాని కనబడినచో, ఈ రైఫిలునకు క్రమము తెలియని చేతులతో మడమ తీయబడినదని తలపవచ్చును. ఏ కాగితమును చెప్పని సంగతిని ఆ చీలిక చెప్పుచున్నది. ఇషాపూరు రైఫిళ్లలో ముంజేతి కఱ్ఱను బలపఱచుటకు అడ్డముగా బిగించిన ఒక మర తల తఱచుగా కనబడును. దానిని చూచి, ఎవరో పల్లెలో చేసిన మరమ్మతని భ్రమపడరాదు. అది కర్మాగారపు పనియే.

మౌజరు కుందా ఒకే కఱ్ఱ. యంత్రమంతయు అందులో పొదిగియుండును. క్రిందినుండి రెండు మరలు పట్టియుంచును. యంత్రపు ముందుభాగమున అడుగువైపు ఒక ఇనుప దిమ్మ క్రిందికి పొడుచుకొని యుండును. కాల్చినపుడు రైఫిలు వెనుకకు తన్నెడి బలమంతయు ఈ దిమ్మద్వారా కఱ్ఱకు చేరవలెను. దిమ్మ వెనుకతలము కఱ్ఱకు నిండుగా ఆనియున్నచో బలము సమముగా పంచుకొనబడును. వెండ్రుకవాసి సందున్నను యంత్రము వెనుకకు జారి, దాని తోక మెడకఱ్ఱలో మేకువలె దిగి, కొన్నాళ్లకు మెడ చీలును. కొన్న క్రొత్త కుందా ఎంత అందముగా నున్నను, ఈ ఒక్కచోట పొసగనిచో అది పనికిరాదు.

పొసగించు విధానము అన్ని దేశములందును ఇంచుమించుగా ఒక్కటే. దీపపు మసిని నూనెలో కలిపి ఇనుముమీద పలుచగా పూయుదురు. ఇనుమును కఱ్ఱలో అదిమి తీసిన, తగిలినచోట నల్లని మచ్చ పడును. ఆ మచ్చను మాత్రమే పదునైన ఉలితో గీకి, మరల మసి పూసి, మరల అదుముదురు. ఇట్లు పదులసారులు చేయగా చేయగా మచ్చలు ఎల్లెడల సమముగా పరచుకొనును. తొందరపడినవాడు బరమాతోను, వెడల్పు ఉలితోను లోతుగా త్రవ్వి, వదులైన చోట తోలు ముక్కయో, మైనమో, లక్కయో నింపును. యంత్రమును విప్పి కుందా లోపలి గూటిని చూచినపుడు ఈ రెండు చేతులకు గల భేదము దాగదు. పైమెఱుగు ఎవరైన పెట్టగలరు. లోపలి గూడు మాత్రము పనివాని సంతకము వంటిది. దానిని పరిశీలింపక కుందాను గూర్చి వ్రాయుట, తాళపత్రపు అట్టను చూచి కావ్యమును నిర్ణయించుట వంటిదని నా అభిప్రాయము.

సైనిక మౌజరు కఱ్ఱను వేటకు కోసినపుడు మిగులు జాడలు వేఱు. మడమలో పటకాకై తొలిచిన గాడిని చెక్కముక్కతో పూడ్చియుందురు. ముంజేతి కఱ్ఱ అడుగున శుభ్రపఱచు చువ్వకై చేసిన కాలువ మధ్యలో ఆగిపోయియుండును. బోల్టు పిడి తిన్నగా నుండి కఱ్ఱలో వంగిన పిడికై గుంట యున్నచో, కఱ్ఱ ఒక రైఫిలుది, యంత్రము ఇంకొకదానిది. సేనల రైఫిళ్లలో కఱ్ఱపైనను సంఖ్య ముద్రించు ఆచారము కొన్ని దేశములందు కలదు. ఆ సంఖ్య ఇనుముపై సంఖ్యతో కలియునో లేదో మొట్టమొదట చూడవలెను.

ఇక కఱ్ఱజాతిని గూర్చి. తుపాకికి శ్రేష్ఠమైనది అక్రోటు. ఐరోపా మేకర్లు వాడినదియు, కాశ్మీరమునుండి మనకు వచ్చునదియు ఒకే జాతి చెట్టు. బాగుగా ఆరిన పిమ్మట అది తక్కువగా ఉబ్బును, తక్కువగా కుదించుకొనును, దెబ్బ నోర్చును, ఉలికి లొంగును. మన ప్రాంతపు కలప గుణములు వేఱు. టేకు నీటికి చెడదు గాని దెబ్బకు చీలు స్వభావము కలది. పైగా దానిలోని ఇసుక వంటి పదార్థము ఉలి పదునును తినివేయును. ఇరుగుడు గట్టిది, అందమైనది, కాని బరువు. దానితో చేసిన మడమ రైఫిలు తూకమును వెనుకకు లాగును. నల్లమద్ది, ఏగిస వంటివి ఇంటిదూలములకు పేరుపొందినవి. చేవెళ్ల దారికి వన్నె తెచ్చిన మఱ్ఱిచెట్లు, సుమారు 900 ఉన్నవని లెక్కించిరి, నీడకేగాని కుందాకు కొఱగావు. కాబట్టి ఐరోపా మేకరు పేరు గల రైఫిలునకు ఇరుగుడు కుందా యుండుట చూచినచో, అది మన దేశమున మార్చినదని నమ్ముటకు బలమైన హేతువు. అక్రోటు కుందా యున్నంతమాత్రమున మొదటిదే యని నమ్ముటకు మాత్రము హేతువు లేదు. కాశ్మీరపు చెక్క ఎచ్చటనైనను దొరకును.

కఱ్ఱ పోగు ఎటు నడచినదో చూచుట అంతకంటె ముఖ్యము. మెడ సన్నని భాగము కనుక, పోగు మెడవెంట పొడవుగా సాగవలెను. పోగు ఏటవాలుగా మెడను కోసికొని పోయినచో ఎంత చేవగల కఱ్ఱయైనను ఒకనాడు విఱుగును. విఱిగిన మెడకు పచ్చితోలు తడిపి చుట్టి కుట్టుట, ఇత్తడి రేకు తొడిగి మేకులు కొట్టుట పాత మరమ్మతులు. ఆరినకొలది పచ్చితోలు బిగిసి చీలికను పట్టియుంచును. ఇట్టి కట్టు గల కుందాను అసహ్యమని తీసి పాఱవైచి క్రొత్తది తొడుగుటకంటె చరిత్రకు చేయు అపకారము వేఱొకటి లేదు.

మన శీతోష్ణము కూడ ఈ కథలో పాత్ర వహించినది. మే మాసపు ఎండలో కుదించుకొన్న కఱ్ఱ శ్రావణపు ముసురులో ఉబ్బి గొట్టమును ఒక ప్రక్కకు నెట్టును. ఎండకాలమున గుఱికి తగిలిన రైఫిలు వానకాలమున అదే గుఱికి ప్రక్కగా కొట్టును. దీనికి విరుగుడుగా గొట్టమునకు, ముంజేతి కఱ్ఱకు నడుమ సందు విడుచువారు కొందఱు. అవిసెనూనె పలుమాఱులు పట్టించి తేమను ఆపువారు కొందఱు. కావున గొట్టపు గాడి వెడల్పయినది అసలు చేసినపుడా, తరువాతనా యన్నది చూడవలసిన మఱియొక జాడ. దూరదర్శిని అమర్చుకొన్నవారికి చెంప ఆనుచోటు ఎత్తుగా కావలెను. మామూలు గుఱికి చేసిన పాత కుందా అంత ఎత్తుండదు. పాత యంత్రముపై ఎత్తైన చెంపదిమ్మ గల కుందా కనబడినచో, దానిని దూరదర్శిని వాడుక తరువాతి మార్పుగా భావింపవచ్చును.

ఈ మార్పులు వ్రాతకెక్కకపోవుటకు చట్టముయొక్క దృష్టి ఒక కారణము. 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చిన 1959 నాటి ఆయుధచట్టము తుపాకిని దాని మీది ముద్రలచే, సంఖ్యచే గుర్తించును; ఆ ముద్రలు లేని ఆయుధమును అమ్మరాదు. మరమ్మతు చేయుటకును లైసెన్సు కావలెను. ఇది ప్రజారక్షణకు అవసరమైన నియమమే. దానివలన పల్లె వడ్రంగి చేసిన పని కాగితము లేని పని యైనది. రసీదు వ్రాయువాడు లేడు, దాచువాడు లేడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముతో వేట ముగిసినది. కృష్ణజింక అత్యున్నత రక్షణ గల జాబితాలో చేరినది. మొయినాబాదు చేరువన చిలుకూరు అడవి 1994లో మృగవని జాతీయోద్యానమైనది. మిగిలిన రైఫిళ్లలో కొన్ని పంటరక్షణ పేరిటను, కొన్ని గుఱి పోటీలకును, పెక్కు వారసత్వపు వస్తువులుగాను నిలిచినవి. వారసులు వాటిని అమ్మునపుడు, క్రొత్తగా కొన్నవారు 'పాతబడిన కఱ్ఱ'ను మార్చుటతో పని మొదలుపెట్టుదురు. ఇనుమును చట్టము కాపాడుచున్నది. కఱ్ఱను కాపాడువారు లేరు.

ఇందుచే మనకు కలుగు నష్టము ఊహామాత్రము కాదు. రాజా దీన్‌దయాళు ఛాయాచిత్రముల కాలమునుండి వేటచిత్రములు ఎన్నియో మిగిలియున్నవి. వానిలో తుపాకిని పోల్చుకొనుటకు కుందా వంపు, మడమ ఆకారము, చెంపదిమ్మ తప్ప వేఱు గుర్తు లేదు. ఒక ఇంట చిత్రమునందలి కుందా, పెట్టెలోని రైఫిలు కుందా ఒక్కటి కాకపోయినంతమాత్రమున "ఇది ఆ తుపాకి కాదు" అనుట తప్పు కావచ్చును. రెండును పోలియున్నంతమాత్రమున "ఇదే" యనుటయు తప్పు కావచ్చును. లోపలి గూడు, అంకెలు, చీలికలు చూచినగాని ఏ మాటయు చెప్పరాదు.

క్షేత్రపరిశోధనకు పోవు విద్యార్థులు, లైసెన్సుదారు సమ్మతితో, తూటా లేదని ఆయన చేతనే చూపించుకొని, ఈ క్రింది విషయములు వ్రాసికొనవలెను. కఱ్ఱ ఒకటియా రెండా, మీటనుండి మడమ వఱకు కొలత ఎంత, పోగు ఎటు నడచినది, మెడకు కట్టున్నదా, ఇనుముపై, కఱ్ఱపై అంకెలు కలియునా, మార్చిన పాత కుందా అటుకమీదనో, గొడ్లపాకలోనో మిగిలియున్నదా. కడపటి ప్రశ్న మఱువరాదు. ఏలయన పాతది దొరకినచో దానిని చిత్రముతో పోల్చవచ్చును; చెఱకు గానుగ మేడిగా, గొడ్డలి పిడిగా మారిన కుందా సాక్ష్యము చెప్పలేదు. ఒక్క రెండు మరలు విప్పుటకు ఇంటివారు ఒప్పుకొన్నచో మడమ రేకును తీసి చూడవలెను. చేతిచెమట, నూనె, ఎండ తగులని ఆ చోట కఱ్ఱ అసలు రంగుతో నుండును; రంపపు పండ్ల గీతలు, వడ్రంగి పెట్టిన కొలత గుర్తులు చెడక మిగులుటకు అవకాశమున్న చోటు కుందా మొత్తములో అదియే.